ముందు లాగే కార్లు, వెనక తోసే కార్లు

ఉద్దానంలోని కవిటి సెంటర్లో ఓ పావుగంట నిలబడితే చాలు, టూరింగ్ కార్ల రేసుల్లో అరవై ఏళ్లకు పైగా నడుస్తున్న తగువంతా కళ్లముందు తిరుగుతుంది. కంచిలి నుంచి జనాన్ని ఎక్కించుకొచ్చే ఆటోకి ఇంజిన్ వెనక, తిప్పే చక్రాలూ వెనకే. కొబ్బరికాయలు నిండా వేసుకెళ్లే బొలెరో పికప్‌కి ఇంజిన్ ముందు, బలం మాత్రం వెనక చక్రాలకి. స్విఫ్టుకీ వేగనార్‌కీ ఇంజిన్ ముందే, లాగే చక్రాలూ ముందువే. అప్పుడప్పుడు ఓ థార్ వస్తుంది, దానికి అవసరమైతే నాలుగు చక్రాలూ పనిచేస్తాయి. బలం ఏ చక్రాలకి ఇస్తే కారు త్వరగా పోతుంది? ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా దాకా ఇంజినీర్లు, నిబంధనలు రాసేవాళ్లు, డ్రైవర్లు దీని మీద కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ గొడవలోంచి ఏరిన విశేషాలివి. కొన్నిటికి మన రోడ్ల మీద తిరిగే బళ్లతో దగ్గరి చుట్టరికం ఉంది.

ముందు ఒక్క మాట. ఫార్ములా వన్‌లో పరిగెత్తే కారు రేసు కోసమే పుట్టింది, దాన్ని ఎవరూ షోరూములో కొనలేరు. టూరింగ్ కారు అలా కాదు. బజార్లో అమ్మే కారునే తెచ్చి, లోపలి సీట్లు, కార్పెట్లు పీకేసి, డ్రైవరు చుట్టూ ఇనుప పైపుల పంజరం బిగించి, బ్రేకులూ స్ప్రింగులూ మార్చి రేసుకి దింపుతారు. పైకి కనిపించే రేకు మాత్రం పక్కింటివాళ్ల కారు రేకే. మనకు తెలిసిన బండి ఎంత దూరం పోగలదో చూపించే ఆట ఇది. నా మటుకు నాకు మోటారు రేసులన్నిటిలోకీ ఇష్టమైనది ఇదే.

అంబాసిడర్ చుట్టం తేల్చిన టైటిల్

బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్ 1958లో మొదలైంది. ఇవాళ బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ అంటున్నది దాన్నే. మొదటి ఏడాదే చిక్కొచ్చి పడింది. ఆస్టిన్ వెస్ట్‌మినిస్టర్ నడిపిన జాక్ సియర్స్, జాగ్వార్ నడిపిన టామీ సాప్‌విత్, సీజను ముగిసేసరికి ఇద్దరికీ సమానంగా పాయింట్లు. బొమ్మా బొరుసా వేసి తేల్చేద్దామన్న మాట కూడా వచ్చింది. ఇద్దరూ ఒప్పుకోలేదు.

చివరికి బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్ మీదికి ఒకే రకం కార్లు రెండు తెచ్చారు, రైలీ వన్ పాయింట్ ఫైవ్. ఇద్దరూ అయిదేసి చుట్లు తిరగాలి. తర్వాత కార్లు మార్చుకుని మళ్లీ అయిదు చుట్లు. రెండింటి సమయం కలిపితే ఎవరిది తక్కువైతే వాళ్లే ఛాంపియన్. బండి మంచిదని ఒకరు, చెడ్డదని ఇంకొకరు సాకు చెప్పడానికి వీల్లేని ఏర్పాటు. సియర్స్ 1.6 సెకన్ల తేడాతో గెలిచాడు. ఇన్ని సీజన్లలో ఇంత నిజాయితీగా తేలిన టైటిల్ ఇంకొకటి ఉందని నేననుకోను.

ఇప్పుడు చుట్టరికం సంగతి. ఆ రైలీలో ఉన్నది బీఎంసీ కంపెనీ బీ సిరీస్ ఇంజిన్, 1489 సీసీ. మన పెట్రోలు అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు కొట్టుకున్న 1489 సీసీ ఇంజిన్ అదే కుటుంబం. రైలీకి కార్బొరేటర్లు రెండు ఉండేవి, మన అంబాసిడర్‌కి ఒకటే. రెండూ ముందు ఇంజిన్, వెనక చక్రాల బళ్లే. మన పెద్దవాళ్లు పెళ్లిళ్లకి బాడుగకి మాట్లాడుకున్న కారు, 2014 దాకా ఉత్తరపారాలో తయారైన కారు, బ్రిటన్ మొదటి టూరింగ్ కార్ ఛాంపియన్‌ని తేల్చిన ఇంజిన్‌కి సొంత బంధువు.

అంబాసిడర్ వెనక సీట్లో మధ్యన కూర్చున్నవాళ్లకి కాళ్ల మధ్య నేల పైకి లేచి అడ్డొచ్చేది. ఆ గట్టు కింద తిరిగేది ప్రొపెల్లర్ షాఫ్టు. ముందున్న గేర్‌బాక్సు నుంచి బలాన్ని వెనక ఇరుసు దాకా మోసుకుపోయే పొడుగాటి కడ్డీ అది. మారుతి 800లో ఆ కడ్డీ లేదు, దాని బరువూ లేదు. రెండు అమరికల తేడా ఏమిటని ఎవరైనా అడిగితే కారు డోరు తీసి నేల చూపిస్తే సరిపోతుంది.

నాలుగు రకాలూ నెగ్గాయి

బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ చరిత్ర తిరగేస్తే ఓ ముచ్చటైన సంగతి కనిపిస్తుంది. ముందు ఇంజిన్‌తో వెనక చక్రాలు తోసే కార్లు ఎలాగూ బోలెడుసార్లు నెగ్గాయి. 1961లో జాన్ విట్‌మోర్, 1962లో జాన్ లవ్ మినీతో నెగ్గారు, అది ముందు చక్రాలు లాగే కారు. 1970, 71, 72లలో వరసగా మూడేళ్లు బిల్ మెక్‌గవర్న్ సన్‌బీమ్ ఇంప్‌తో నెగ్గాడు, దాని ఇంజిన్ డిక్కీ ఉండాల్సిన చోట ఉంటుంది. 1996లో ఫ్రాంక్ బీలా ఆడి ఏ4 క్వాట్రోతో నెగ్గాడు, అది నాలుగు చక్రాల డ్రైవు. అంటే కవిటి సెంటర్లో కనిపించే నాలుగు అమరికలూ ఒకే టైటిల్ కొట్టాయి.

వెయ్యి సీసీ కూడా లేని మినీ, పెద్ద జాగ్వార్లు పరిగెత్తే పోటీలో ఛాంపియన్ ఎలా అయింది? అప్పటి లెక్క వేరు. ఇంజిన్ సైజుని బట్టి కార్లని తరగతులుగా విడగొట్టేవారు. ఏ తరగతిలో మొదటొచ్చినా పాయింట్లు అవే. పెద్ద కారు ముందు గీత దాటినా, చిన్న కారు తన తరగతిలో ప్రతి రేసూ గెలుస్తూ పోతే ఏడాది చివర కప్పు దానిదే.

ఇంప్ గురించి ఇంకాస్త చెప్పాలి

ఇంప్ అంటే మనవాళ్లకి అంతగా తెలియదు. స్కాట్లండులోని లిన్‌వుడ్ ఫ్యాక్టరీలో 1963 నుంచి తయారైన చిన్న కారు. ఇంజిన్ మొత్తం అల్యూమినియం. దాన్ని నిలువుగా పెట్టకుండా ఒక పక్కకి బాగా వాల్చి, వెనక చక్రాలకి ఆవల బిగించారు. ఆ కారు గీసిన ఇద్దరు ఇంజినీర్లలో ఒకడు మైక్ పార్క్స్. కారు గీసి ఊరుకోలేదు, తర్వాత ఫెరారీ జట్టులో చేరి ఫార్ములా వన్ రేసులు కూడా నడిపాడు.

మెక్‌గవర్న్ నడిపిన ఇంప్‌ని తయారుచేసింది ఏదో పెద్ద కంపెనీ జట్టు కాదు, జార్జ్ బెవన్ నడిపిన చిన్న జట్టు. ఇంజిన్‌ని 998 సీసీకి పెంచారు. బరువంతా తిరిగే చక్రాల మీదే ఉండటం వల్ల మలుపులోంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కితే చక్రం జారేది కాదు, నేలని పట్టుకునేది. దానికి తగ్గ ఇబ్బందీ ఉంది. ముందు భాగం తేలిక. మలుపులోకి వేగంగా పోయి హఠాత్తుగా కాలు తీస్తే వెనక బరువు బయటికి ఈడ్చేస్తుంది. దాన్ని అదుపులో పెట్టడం నేర్చినవాడికే మూడేళ్లు వరసగా కప్పు దక్కింది.

1967 నుంచి 1969 దాకా బెల్జియంలో జరిగే స్పా 24 గంటల టూరింగ్ కార్ల రేసుని వరసగా గెలిచింది పోర్షే 911. దానికీ ఇంజిన్ వెనకే. ఇవాళ 911ని ఎవరూ టూరింగ్ కారు అనరు గానీ, అప్పటి నిబంధనల్లో అది ఆ కోవలోకే వచ్చింది.

మన దేశంలో వెనక ఇంజిన్‌తో 2009లో వచ్చిన కారు టాటా నానో. రెండే సిలిండర్లు, 624 సీసీ. ఆటోలో సీటు కింద ఇంజిన్ వేడి తగిలిన ఉద్దానం ప్రయాణికులకి ఆ అమరిక గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఒకే 796 సీసీ, మూడు చోట్ల

ఇంజిన్ ఎక్కడ పెట్టాలన్న విషయంలో భారతదేశం చూపించిన ఉదాహరణ ప్రపంచంలో ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్ ముందు అడ్డంగా ఉండేది. పక్కనే గేర్‌బాక్సు, అక్కణ్ణించి నేరుగా ముందు చక్రాలకి. మరుసటి ఏడాది మారుతి వ్యాను వచ్చింది, తర్వాత ఓమ్ని అన్నారు. దాంట్లోనూ 796 సీసీ ఇంజినే. కానీ ముందు సీట్ల కింద పెట్టి వెనక చక్రాలు తిప్పించారు. వ్యానులో సామాను వెనక వేస్తారు, బరువున్నచోటే బలం ఇస్తేనే కదా ఎత్తులెక్కేది.

మూడో చోటు రేసు కారు. కోయంబత్తూరుకి చెందిన ఎస్. కరివర్ధన్, రేసు లోకంలో కరి అంటారు, 1980ల చివర్లో ఫార్ములా మారుతి అనే కారు కట్టాడు. తెలుగు మాట్లాడే నాయుడు కుటుంబాలు మిల్లులు, యంత్రాల పరిశ్రమలు నెలకొల్పిన ఊరది. ఇంజినీరింగ్ అక్కడి గాలిలోనే ఉంది. కరి చేసిన పని వినడానికి తేలిక. మారుతి ఇంజిన్‌ని తీసి, పైపులతో కట్టిన ఒంటి సీటు కారులో డ్రైవరు వీపు వెనక పెట్టి వెనక చక్రాలకి కలిపాడు. ఊళ్లో పాలూ కూరలూ తేవడానికి పోయే కారు ఇంజినే యువకులకి రేసు బడి అయింది. స్పేరు పార్టులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, ఖర్చు భరించగలిగేదే. తర్వాత ఫార్ములా వన్ దాకా పోయిన మొదటి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తన తొలి రేసు నడిపింది ఫార్ములా మారుతిలోనే, ఆ రేసులోనే పోడియం ఎక్కాడు.

కరి 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదున్నదే. మన దేశంలో రేసుని డబ్బున్నవాళ్ల సరదా నుంచి సామాన్యుడికి దగ్గరగా జరిపినవాళ్లలో ఆయనది మొదటి వరస అని నా నమ్మకం.

ఇసుక చెప్పే పాఠం

కవిటి నుంచి కపాసుకుద్ది వైపు పోతూ సముద్రం దరిదాపుల్లో ఇసుక దారి తగిలితే ఏ డ్రైవరైనా జాగ్రత్తపడతాడు. ఖాళీ పికప్ వెనక చక్రాలు ఇసుకలో గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. అదే బండి కొబ్బరికాయల లోడుతో ఉంటే వెనక చక్రం నొక్కుకుని ముందుకి పోతుంది. చక్రం మీద ఎంత బరువుంటే నేలని అంత పట్టుకుంటుంది. రేసు ఇంజినీరు రాత్రంతా కూర్చుని వేసే లెక్కలు కూడా ఇవే.

రేసు మొదలయ్యే క్షణంలో కారు ముందుకి దూకితే బరువు వెనక్కి జారుతుంది. అందుకే నిలబడి ఉన్నచోటు నుంచి బయల్దేరేటప్పుడు వెనక చక్రాల కారుకి లాభం, ముందు చక్రాల కారు కాసేపు పొగలు కక్కుతూ ఉండిపోతుంది. బండి కదిలాక పరిస్థితి మారుతుంది. బండిని ముందునుంచి ఈడ్చుకుపోయే ఎద్దుల్లాగా ముందు చక్రాలు కారుని దారిలో పెట్టి లాగుతాయి. వానలో, జారే నేల మీద డ్రైవరుకి అది భరోసా. అయితే ఆ రెండు టైర్ల మీదే మూడు పనులు పడతాయి. లాగాలి, తిప్పాలి, బ్రేకులో ఎక్కువ వంతూ వాటిదే. రేసు సగం దాటేసరికి అవి అరిగిపోయి, స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోతానంటుంది. వెనక చక్రాల కారుకి పని పంచుకునే టైర్లు నాలుగు.

ముందు చక్రాల రేసు కారు మలుపు తిరిగేటప్పుడు దగ్గర నుంచి చూడండి. లోపలివైపు వెనక చక్రం నేల వదిలి గాలిలో ఉంటుంది. చూసేవాళ్లు కారు పల్టీ కొడుతుందేమో అనుకుంటారు. అది కావాలని చేసిన ఏర్పాటు. వెనక స్ప్రింగులు గట్టిగా బిగిస్తే కారు వెనక భాగం సులువుగా తిరుగుతుంది, అరిగిన ముందు టైర్లకి కాస్త సాయం దొరుకుతుంది. ఉత్త చక్రమే కదా, కాసేపు గాలిలో ఉన్నా నష్టం లేదు.

ఈ లాభనష్టాలు సమం చేయడానికి నిబంధనలు రాసేవాళ్లు బరువుని వాడుకుంటారు. 1990ల్లో రెండు లీటర్ల సూపర్ టూరింగ్ పోటీల్లో ముందు చక్రాల కార్లకి కనీస బరువు తక్కువ, వెనక చక్రాల కార్లకి ఎక్కువ. గెలిచిన కారుకి తర్వాతి రేసులో సీసపు దిమ్మలు కట్టే పద్ధతి కూడా చాలా పోటీల్లో ఉంది.

నాలుగు చక్రాలు: గెలిచినందుకు వెలి

నాలుగు చక్రాల డ్రైవు రేసులోకి దిగిన ప్రతిచోటా దాదాపు ఒకే కథ నడిచింది. ముందు నవ్వారు, తర్వాత ఓడిపోయారు, ఆఖరికి నిషేధించారు.

1988లో ఆడి తన పెద్ద సెలూన్ 200 క్వాట్రోని అమెరికా ట్రాన్స్ ఆమ్ పోటీకి తీసుకెళ్లింది. 13 రేసుల్లో 8 గెలిచింది, హర్లీ హేవుడ్ ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత నాలుగు చక్రాల డ్రైవుకి అక్కడ తలుపులు మూసేశారు. జర్మనీ టూరింగ్ కార్ల పోటీ డీటీఎంలో 1990లో హాన్స్ యోఆఖిమ్ స్టుక్, 1991లో ఫ్రాంక్ బీలా ఆడి వీ8తో నెగ్గారు. అది మంత్రులు, కంపెనీ పెద్దలు వెనక సీట్లో కూర్చుని తిరిగే రకం కారు. 1992లో ఇంజిన్ క్రాంక్ షాఫ్టు మీద తగాదా వచ్చి ఆడి మధ్యలోనే తప్పుకుంది. 1996లో ఆడి ఏ4 క్వాట్రో బ్రిటన్‌తో కలిపి ఏడు దేశాల జాతీయ టైటిళ్లు ఒకే ఏడాది గెలిచింది. మొదట దానికి అదనపు బరువు కట్టారు, 1998 వచ్చేసరికి ఆ పోటీల్లో నాలుగు చక్రాలకి చోటే లేకుండా చేశారు.

వీటన్నిటినీ మించింది నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్. జపాన్ టూరింగ్ కార్ పోటీల్లో 1990 నుంచి 1993 దాకా 29 రేసులు దిగి 29 గెలిచింది. ఒక్కటీ పోలేదు. దాని ఇంజిన్ సైజు వెనకా ఓ లెక్క ఉంది. అప్పటి గ్రూప్ ఏ నిబంధనల్లో టర్బో ఇంజిన్ సీసీని 1.7తో హెచ్చించి తరగతి నిర్ణయించేవారు. 2568ని 1.7తో గుణిస్తే 4366 వస్తుంది, 4500 లోపు తరగతిలో సరిగ్గా ఇముడుతుంది. రోడ్డు మీద అమ్మే కారు ఇంజిన్ కొలత రేసు పుస్తకంలోని ఓ గీతని బట్టి తేలిందన్నమాట. మామూలుగా దాని బలమంతా వెనక చక్రాలకే పోయేది. అవి జారుతున్నాయని కంప్యూటర్ పసిగడితే ముందుకి సగం దాకా పంపేది.

ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ వెయ్యి కిలోమీటర్ల రేసుని జిమ్ రిచర్డ్స్, మార్క్ స్కైఫ్ స్కైలైన్‌తో 1991లో గెలిచారు. 1992లో కుండపోత వానలో వాళ్ల కారు గోడకి కొట్టుకుంది, రేసు ఆపేశారు. అంతకుముందు పూర్తయిన చుట్టు లెక్క ప్రకారం గెలుపు మళ్లీ వాళ్లదే అయింది. ఫోర్డు, హోల్డెన్ కార్ల అభిమానులు పోడియం ముందు నిలబడి ఈలలు, కేకలతో గోల చేశారు. మరుసటి ఏడాది నుంచి వీ8 కార్లకి పెద్దపీట వేస్తూ కొత్త నిబంధనలొచ్చాయి. స్కైలైన్‌కి అక్కడ దారి మూసుకుపోయింది. బాగా కట్టిన కారుకి అది దక్కాల్సిన వీడ్కోలు కాదు.

ఐదువేలు అమ్మితేనే

బజారు కారుతోనే పోటీ అన్నప్పుడు, అది నిజంగా బజార్లో ఉందని రుజువు కావాలి. గ్రూప్ ఏ నిబంధన ప్రకారం ఏడాదిలో 5000 కార్లు తయారుచేయాలి. మెరుగులు దిద్దిన ప్రత్యేక రకానికైతే 500 చాలు. ఆ 500 కోసం కంపెనీలు చేసిన పనులు చూడాలి.

ఫోర్డు 1987లో సియర్రా ఆర్ఎస్500 అని సరిగ్గా 500 కార్లు చేసింది. బానెట్ ఎత్తితే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మామూలుగా ఉండాల్సిన నాలుగు కాక ఇంకో నాలుగు కనిపిస్తాయి. కొన్నవాడికి వాటితో పనిలేదు, వాటికి కనెక్షనే ఇవ్వలేదు. రేసు జట్లు వాటిని కలిపి వాడుకోవడానికి అనుమతి రావాలంటే రోడ్డు కారులో అవి ఉండాలి, అంతే. రోడ్డు మీద 224 హార్స్‌పవర్ ఇచ్చే కారు రేసులో 500 దాటింది.

బీఎండబ్ల్యూ మొదటి ఎం3కి వెనక అద్దం వాలు మామూలు 3 సిరీస్‌కి భిన్నంగా ఉంటుంది. డిక్కీ మీది రెక్కకి గాలి సరిగ్గా తగలాలని అలా మార్చారు. 1987లో ఒక్క ఏడాది మాత్రమే జరిగిన అప్పటి ప్రపంచ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌ని రాబర్టో రవాలియా ఆ కారుతోనే గెలిచాడు.

ఇటలీ నుంచి ఆల్ఫా రోమియో 155 వచ్చి 1994లో బ్రిటిష్ పోటీలో రేగిపోయింది. దానికి ముందూ వెనకా గాలి రెక్కలు పొడుగు చేసుకునే వీలుంది. ఆ పోటీ నిబంధనకి సరిపడా 2500 కార్లు అమ్మారు. ఆ రెక్కల పొడిగింపు ముక్కలు మాత్రం బిగించకుండా డిక్కీలో పెట్టి ఇచ్చారు! మిగతా జట్లు అభ్యంతరం చెప్పాయి. ఓల్టన్ పార్క్ దగ్గర ఆల్ఫా జట్టు అలిగి రేసు వదిలి వెళ్లిపోయింది. అయినా టైటిల్ మాత్రం ఆల్ఫా నడిపిన గాబ్రియెలె టార్క్వినిదే. ఈ పేరు గుర్తుంచుకోండి.

సామాన్ల బండి రేసుకొచ్చింది

అదే 1994లో వోల్వో 850 ఎస్టేట్ గ్రిడ్ మీద కనిపించేసరికి జనం నమ్మలేదు. వెనక పొడుగ్గా సామాను పెట్టుకునే కారు అది, కుటుంబంతో ఊళ్లకి పోవడానికి కొనేది. అయిదు సిలిండర్ల ఇంజిన్, ముందు చక్రాల డ్రైవు. రికార్డ్ రైడెల్, యాన్ లామర్స్ నడిపారు. ఓసారి రేసుకి ముందు ఊరేగింపు చుట్టులో వెనక భాగంలో పెద్ద బొమ్మ కుక్కని కూర్చోబెట్టి తిప్పారు. రేసులో దాని అత్యుత్తమ స్థానం అయిదు. 1995లో అన్ని కార్లకీ గాలి రెక్కలు పెట్టుకునే అనుమతి రాగానే వోల్వో సెలూన్‌కి మారింది, రైడెల్ గెలుపులూ మొదలయ్యాయి. గెలుపు లెక్కలో ఎస్టేట్ చేసింది సున్నా. కానీ ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ సీజను గురించి మాట్లాడితే ఎక్కువమంది తలుచుకునేది దాన్నే.

పేరు ఒకటి, చక్రాలు వేరు

అన్ని రేసులూ బజారు కారుని అంత నమ్మకంగా పట్టుకోలేదు. అమెరికాలో నాస్కార్ మొదటి స్ట్రిక్ట్లీ స్టాక్ రేసు 1949 జూన్ 19న షార్లట్‌లో జరిగింది. ముందుగా గీత దాటిన గ్లెన్ డన్నవే కారుకి వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయని తేలింది. దొంగసారా రవాణా చేసేవాళ్లు బరువు మోయడానికి అలా బిగించేవారు. అతన్ని తప్పించి జిమ్ రోపర్‌కి గెలుపు ఇచ్చారు. అంత కచ్చితంగా మొదలైన పోటీలో ఇవాళ పరిగెత్తే టయోటా కామ్రీ, షోరూము కామ్రీ ముక్కు మాత్రమే పెట్టుకుంది. షోరూము కారు ముందు చక్రాలతో పోతుంది, రేసు కారుకి వీ8 ఇంజిన్, వెనక చక్రాలు.

ఆస్ట్రేలియాలో 2018 నుంచి పరిగెత్తిన హోల్డెన్ కమొడోర్ కూడా ఇంతే. రోడ్డు మీద ముందు చక్రాలు లేదా నాలుగు చక్రాలు, రేసులో వెనక చక్రాల వీ8. బ్రిటన్‌లో దీనికి తిరగేసిన ఉదాహరణ సుబారు లెవర్గ్. సుబారు అంటేనే నాలుగు చక్రాల డ్రైవుకి పేరు. టూరింగ్ కార్ పోటీలో దానికి అనుమతి లేదు కాబట్టి ముందు చక్రాలకి బలం తీసేసి వెనకవాటికే ఇచ్చారు. 2017లో యాష్ సటన్ దాంతో ఛాంపియన్ అయ్యాడు. అదే సటన్ 2020, 2021లలో వెనక చక్రాల ఇన్ఫినిటీతోనూ, 2023లో ముందు చక్రాల ఫోర్డ్ ఫోకస్‌తోనూ నెగ్గాడు. కారు ఏ చక్రాలతో పోయినా నడపగలిగినవాడు నడపగలడు.

మన దాకా వచ్చిన పేర్లు

శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు చేస్తున్న కియా, 2014లో అమెరికాలో జరిగిన పిరెల్లీ వరల్డ్ ఛాలెంజ్ జీటీఎస్ తరగతిలో తయారీదారుల టైటిల్ కొట్టింది. కారు కియా ఆప్టిమా, ముందు చక్రాల కుటుంబ సెలూన్. ఎదుట ఉన్నవి మస్టాంగ్, పోర్షే కేమన్ లాంటి వెనక చక్రాల కార్లు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసు టూరింగ్ కార్లది కాదు. కానీ చక్రాల సంగతి ఎత్తాం కాబట్టి చెప్పుకోవాలి. ఆనాటి కరెంటు కార్లకి ముందో మోటారు, వెనకో మోటారు. పరిగెత్తించేది వెనకది మాత్రమే. ముందుది బ్రేకు వేసినప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడానికే. ఆ రోజు గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్.

కంచిలి మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణంగా పోతే, చెన్నై చేరేముందు షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు అక్కడే రేసులు జరిగాయి. ఫియట్లు, హెరాల్డులు, అంబాసిడర్లు, అన్నీ వెనక చక్రాల బళ్లే, ఆ కాంక్రీటు మీద జారుతూ పరిగెత్తాయి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ సొంత ట్రాక్ 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మొదలైంది. మారుతుల కాలం వచ్చాక భారత టూరింగ్ కార్ల రేసు దాదాపుగా ముందు చక్రాలకి మారిపోయింది. 2010లో మొదలైన ఫోక్స్‌వాగన్ పోలో కప్‌లో కార్లు ముందు చక్రాలవే కాదు, డీజిల్‌వి కూడా. అప్పటికి రెండేళ్ల ముందు ఇవాన్ ముల్లర్ డీజిల్ సియట్ లియోన్‌తో ప్రపంచ టూరింగ్ కార్ టైటిల్ గెలిచి అందరి నోళ్లూ మూయించాడు.

ఇప్పుడు చాలా దేశాల్లో నడిచేది 2015లో మొదలైన టీసీఆర్ పద్ధతి. రెండు లీటర్లు మించని టర్బో ఇంజిన్, ముందు చక్రాల డ్రైవు మాత్రమే. జనం కొనే కార్లు అవే కాబట్టి రేసూ అవే, ఖర్చూ అదుపులో ఉంటుంది. ఆ పద్ధతిలో 2018లో ప్రపంచ కప్ గెలిచింది, పైన గుర్తుంచుకోమన్న టార్క్వినియే. అప్పటికి వయసు 56. కారు హ్యుందాయ్ ఐ30.

ఆ హ్యుందాయ్ మన దేశంలో మొదట పెట్టిన కార్ల ఫ్యాక్టరీ, మన జాతీయ రేసులు జరిగే ట్రాక్, రెండూ ఇరుంగాట్టుకోట్టైలోనే ఉన్నాయి.  చెన్నైలో పనిచేసే ఉద్దానం కుర్రాళ్లకి నా మాట ఒక్కటే. జాతీయ ఛాంపియన్‌షిప్ రేసులున్న ఆదివారం చూసి ఓసారి ట్రాక్ దాకా వెళ్లండి. స్టార్టు గీతకి దగ్గరగా కూర్చోండి. జెండా ఊపగానే పొగ ముందు చక్రాల దగ్గర లేస్తుందో వెనక చక్రాల దగ్గర లేస్తుందో చూడండి, ఆ కారు ఎక్కడ ముందుకొస్తుందో ఎక్కడ వెనకపడుతుందో మీరే చెప్పగలుగుతారు.